కొత్త పెట్టె, ఏడు పోట్లు

నమోదు 1. కార్తీక బహుళ విదియ

పాత పెట్టె ఈ ఉదయం మూడుసార్లు ఆగిపోయింది. మూడోసారి దాని డొక్కలో ఒకటిచ్చాను, లేచింది. దెబ్బకి దెయ్యం దడుస్తుందంటారు కానీ, దెబ్బకి కంప్యూటర్ ఎన్నాళ్ళు నడుస్తుంది?

ఇది తెప్పలపేట లెక్కల గది పుస్తకం. రాస్తున్నది మాణిక్యాంబ, అంటే నేను. పేటలో నలభై తెప్పలు, తెప్పకో గొలుసు, గొలుసుకో మనిషి. పోటుకి నీళ్ళు లేచినప్పుడు గొలుసు ఎన్ని లంకెలు వదలాలో, ఆటుకి ఎన్ని లాగాలో పెట్టె చెబుతుంది. నేను ఆ అంకెను బోర్డు మీద వెలిగిస్తాను. గొలుసువాళ్ళు రాట్నం తిప్పుతారు. గొలుసు చాలకపోతే తెప్ప అంచు మునుగుతుంది, ఎక్కువైతే పక్క తెప్పను గుద్దుతుంది.

పాత పెట్టె ఒక్క లెక్కకి రెండు గంటలు తీసుకుంటుంది. మామూలు రోజుల్లో ఫరవాలేదు. పోయినేడు తుఫానులో మాత్రం ఆ రెండు గంటలూ గొలుసువాళ్ళు అంకె కోసం రాట్నాల దగ్గరే, కెరటాల్లోనే నిలబడ్డారు. ముగ్గురు తిరిగి రాలేదు. మూడోవాడు నా తమ్ముడు శేషు. అంకె వచ్చేటప్పటికి దాన్ని అందుకోవడానికి వాడు లేడు.

నిన్న పేట సభలో గట్టిగానే అరిచాను. కొత్త పెట్టె కావాలి, దానికి మోటార్లు తగిలించాలి, గాలివానలో ఒక్క మనిషి కూడా బయట నిలబడకూడదు అన్నాను. అందరూ చేతులెత్తారు. గొలుసువాళ్ళ పెద్ద నూకరాజు బాబాయ్ మాత్రం అందరికంటే ఆలస్యంగా ఎత్తాడు.

రేపు ఒడ్డుకి వెళ్తున్నాను. వాయుగుండం కబురు ఇంకా రాలేదు కానీ, నాకు కాలు నిలవడం లేదు.

నమోదు 2. చవితి

మెట్ట బజారులో కంప్యూటర్ల కొట్లు పదకొండున్నాయి. పదకొండింటిలోనూ పెట్టెలు లేవు, తెరలే ఉన్నాయి.

"సొంత పెట్టె ఎవరు కొంటున్నారండి ఈ రోజుల్లో? ఆయ్, ఈ తెర పట్టుకెళ్ళండి. లెక్కలన్నీ పైనే చేసి పంపేస్తారు. మీకు దుమ్ము దులుపుకునే పని కూడా ఉండదు" అన్నాడు కొట్టతను.

"గాలొస్తే పైనుంచి మాట తెగిపోతుందండి. మాకు లెక్క కావలసింది అప్పుడే" అన్నాను.

అతను నన్ను ఎగాదిగా చూశాడు. "నీళ్ళ మీదవాళ్ళా మీరు?" అని వెనక గోదాములోకి తీసుకెళ్ళాడు. అక్కడ గోనెపట్టా కింద ఉంది. నా నడుమంత ఎత్తు, నల్లటి ఇనుప ఒళ్ళు. వాతావరణం ఆఫీసు వాళ్ళు ఆర్డరిచ్చి తీసుకోలేదట. ప్రాసెసర్లు రెండు, మెమరీ నేను అడుగుదామనుకున్న దానికి నాలుగింతలు. ఫ్యాన్లు ఆరు. ఒకటి ఆగినా మిగతావి లాక్కొస్తాయి.

"లోపల లైట్లు కూడా ఉన్నాయండి, ఏడు రంగులు! రాత్రిపూట చూస్తే..."

"లైట్లు పీకేసి, ఆ చోట ఉప్పుగాలి లోపలికి పోకుండా జాలీ బిగించి ఇవ్వండి."

అతని మొహం చిన్నబోయింది. అయినా బిగించాడు. నా పాత పెట్టెలోని లెక్కనే దానికిచ్చి నడిపించమన్నాను. నేను టీ గ్లాసు అందుకుని ఊదుకునేలోగా అయిపోయింది. రెండు గంటల లెక్క! కొట్టులోనే కళ్ళలో నీళ్ళు తిరిగాయి. టీ వేడిగా ఉందని చెప్పాను.

నమోదు 3. పంచమి

పడవలో దాన్ని రెండు బొంతల్లో చుట్టి, మీద టార్పాలిన్ కప్పి, ఆ మీద నేను కూర్చున్నాను. పడవతను మూడుసార్లు అడిగాడు, లోపల ఎవరైనా మనిషా అని.

తెచ్చానన్న సంబరం సాయంత్రానికే పోయింది. పెట్టెతో వచ్చిన కాగితంలో మొదటి మాటే, ఎర్తింగు లేనిదే స్విచ్చి వేయరాదు. మాకు భూమే లేదు, ఎర్తింగు ఎక్కడినుంచి తేవాలి? చివరికి వెడల్పాటి రాగి పళ్ళెం ఒకటి తీగకి కట్టి సముద్రంలోకి దించాను. మీటరు పెట్టి చూస్తే కాగితం అడిగినదానికంటే బాగానే ఉంది.

తరువాత బల్ల. తెప్ప ఊగుతుంది కాబట్టి నాలుగు కాళ్ళకూ మేకులు కొట్టి, పెట్టెని రబ్బరు దిమ్మల మీద కూర్చోబెట్టి, నైలాను తాడుతో నాలుగు వైపులా కట్టాను. మూత తీసి, లోపల చెమ్మ పీల్చే పొట్లాలు పద్నాలుగు సర్దాను. స్విచ్చి వేస్తే ఆరు ఫ్యాన్లూ ఒక్కసారి ఊపిరి పీల్చుకున్నాయి.

నూకరాజు బాబాయ్ గుమ్మంలో నిలబడి చూస్తున్నాడు.

"ఇదేనా అమ్మాయ్ మా పొట్ట కొట్టేది?"

"పొట్ట కాదు బాబాయ్, ప్రాణం. మీ ప్రాణం కోసం తెచ్చింది."

"అదీ నిజమేలే" అన్నాడు. వెళ్ళిపోయాడు. నాకు మనసులో ముల్లు గుచ్చుకున్నట్టయింది.

నమోదు 4. సప్తమి

మోటార్లు నలభై రాట్నాలకూ బిగించారు. పాత పెట్టెలోని సముద్రపు లోతులు, గాలి పట్టీలు, ఇరవై ఏళ్ళ పోట్ల కొలతలు అన్నీ కొత్తదాంట్లోకి ఎక్కించాను. లెక్కల పద్ధతిని మాత్రం సూత్రాల పుస్తకం చూసి మళ్ళీ రాసుకున్నాను. పాత దాంట్లో ఎవరెవరు ఏమేం అతుకులేశారో వాళ్ళకే తెలియాలి.

సాయంత్రం పోటుకి రెండింటినీ పక్కపక్కన నడిపాను.

మొదటి తెప్పకి పాతది పదకొండు లంకెలంది, కొత్తది పన్నెండంది. రెండో తెప్పకి పాతది తొమ్మిది, కొత్తది పది. నలభయ్యో తెప్ప దాకా ఇదే వరస. ప్రతి గొలుసుకీ ఒకటే తేడా, సరిగ్గా ఒక్క లంకె.

తప్పు చిన్నదైతే తేలిగ్గా దొరుకుతుందనుకుంటాం. నాకు అన్నం సహించలేదు.

నమోదు 5. అష్టమి

లోతులు మళ్ళీ సరిచూశాను. లంకె పొడవు కొలిచాను. పుస్తకంలోని సూత్రాన్ని వేళ్ళ మీద వేసి చూశాను. ఎటు తిప్పినా పన్నెండే వస్తోంది. కాలుగాలిన పిల్లిలా గదిలో ఆ మూలకీ ఈ మూలకీ తిరిగాను.

నూకరాజు బాబాయ్ దగ్గరికి వెళ్ళాను. వల బాగుచేసుకుంటున్నాడు.

"బాబాయ్, బోర్డు మీద పదకొండు వెలిగితే పదకొండే వదులుతారా?"

"అదేం ప్రశ్న? పదకొండంటే పదకొండే. ముప్పై ఏళ్ళ నుంచీ ఒక్క లంకె తప్పలేదమ్మా నా చేతిలో."

"అందరూ అంతేనా?"

"లెక్క నేర్పింది నేనే కదా వాళ్ళకి." వల మీంచి కళ్ళెత్తాడు. "ఏం? పెట్టెకి నమ్మకం లేదా మామీద?"

నేను క్షమించమని చెప్పి వచ్చేశాను. నిజానికి తప్పు కొత్త పెట్టెదో, నాదో అయ్యుంటుంది. ముప్పై ఏళ్ళుగా తెప్పలు తేలుతూనే ఉన్నాయి కదా.

నమోదు 6. నవమి

దొరికింది. పాత పెట్టెలో పదివేల వరసలు చదివాక, అట్టడుగున ఒకే ఒక్క వరస. "చెప్పేముందు ఒకటి తీసెయ్." కారణం రాయలేదు. రాసింది నా ముందు ఈ కుర్చీలో కూర్చున్న వెంకాయమ్మ గారు. ఆవిడ పోయి నాలుగేళ్ళు, అడగడానికి వీల్లేదు.

కొండను తవ్వి ఎలుకను పట్టాను. సముద్రపు అడుగున ఒండ్రు పేరుకుని ఉంటుంది, దానికోసం వేసిన సవరణ అయ్యుంటుందనుకున్నాను. అదే వరసను కొత్తదాంట్లోనూ రాశాను. నలభై అంకెలూ నలభై అంకెలతో కలిశాయి.

మధ్యాహ్నం కొత్త పెట్టెకి, మోటార్లకి అనుమతి ఇవ్వడానికి ఒడ్డు నుంచి తనిఖీ అధికారిణి రజియా బేగం గారు దిగారు. నంద్యాల వైపు మనిషి. నీళ్ళంటే భయమట, అయినా కుర్చీలో నిమ్మకు నీరెత్తినట్టు కూర్చున్నారు.

"ఇద్దో మాణిక్యం, రూలు చెప్తాను విను. ఏడు పోట్లు. ఏడింట్లోనూ పాతదీ కొత్తదీ ఒకే అంకె చెప్పల్ల. ఒక్కటి తేడా వచ్చినా మళ్లీ మొదట్నించీ. కలిసినాయంటే కొత్తదానికి సీలు ఏస్తా, మోటార్లకు కరెంటు ఇస్తా. సీలు ఏసినాక సీజను అయ్యేదాకా ఎవురూ ముట్టుకోకూడదు. నువ్వు కూడా."

పరీక్ష మధ్యలో ఎవరూ మార్చకుండా పాత పెట్టెకి అక్కడికక్కడే సీలు వేశారు. సాయంత్రం మొదటి పోటు కలిసింది.

నమోదు 7. ఏకాదశి

ఐదు పోట్లు కలిశాయి. కలిసిన ప్రతిసారీ రజియా గారు కాగితం మీద చిన్న టిక్కు పెడతారు. ఆ టిక్కు కోసం నేను పరీక్ష రాసిన పిల్లలా ఎదురుచూస్తున్నాను.

భయపడినట్టే వాయుగుండం పుట్టింది, తుఫానైంది. చతుర్దశి పగలు మా మీదికి వస్తుందట. ఆరో పోటు రేపు ఉదయం, ఏడోది సాయంత్రం. సరిగ్గా సరిపోతుంది. ఇప్పుడు తప్పితే మళ్ళీ ఏడు పోట్లకి సమయం లేదు. మోటార్లు నడవవు. పోయిన ముగ్గురి చోట చేరినవాళ్ళతో సహా నలభై మందీ మళ్ళీ రాట్నాల దగ్గర నిలబడాలి.

నమోదు 8. ద్వాదశి, ఉదయం

గబగబా రాస్తున్నాను, అక్షరాలు బాగాలేకపోతే క్షమించాలి.

ఎనిమిదేళ్ళుగా పోటు వేళకి నేను ఈ కుర్చీలోనే ఉన్నాను. అంకె వెలిగించడమే తప్ప, ఆ అంకెతో వాళ్ళు ఏం చేస్తారో కళ్ళతో చూడలేదు. ఇవాళ రెండు పెట్టెలూ రజియా గారి కాపలాలో వాటంతటవే నడుస్తుంటే, అంకె వెలిగించే పని ఆవిడకే అప్పగించి, ఊరికే కూర్చోలేక నూకరాజు బాబాయ్ తెప్ప మీదికి వెళ్ళాను.

బోర్డు మీద పన్నెండు వెలిగింది. బాబాయ్ రాట్నం పట్టు వదులు చేశాడు. మొదటి లంకెను చేత్తో పట్టుకుని, కళ్ళకద్దుకుని, "తల్లీ గంగమ్మా" అని నీళ్ళలోకి జారవిడిచాడు. తరువాత రాట్నం తిప్పుతూ గట్టిగా మొదలుపెట్టాడు. ఒకటి, రెండు, మూడు... పన్నెండు దాకా.

వదిలినవి పదమూడు.

"బాబాయ్, మొదటిది లెక్కపెట్టలేదే?"

ఆయన నన్ను పిచ్చిదాన్ని చూసినట్టు చూశాడు. "అది లెక్కేంటమ్మాయ్? అది గంగమ్మది."

"మరి మొన్న అడిగితే ఒక్కటీ తప్పదన్నావు కదా!"

"తప్పలేదు కదా మరి. మనం వదిలేవి పన్నెండు. వదిలినా, లాగినా అమ్మది అమ్మకే."

నవ్వొచ్చింది ముందు. వెంకాయమ్మ గారి వరస అర్థమైంది. ఒండ్రూ లేదు, ఏమీ లేదు. వాళ్ళు ఒకటి ఎక్కువ వదులుతారు కాబట్టి ఆవిడ ఒకటి తగ్గించి చెప్పింది. ముప్పై ఏళ్ళూ రెండు వైపులా ఎవరి పని వాళ్ళు సరిగ్గా చేశారు.

నవ్వు నోట్లోనే ఆగిపోయింది. మోటారు పళ్ళచక్రం గంగమ్మను ఎరగదు. అది మొదటి లంకెనూ లెక్కపెడుతుంది. నేను కొత్త పెట్టెలోనూ ఒకటి తీసెయ్యమని రాశాను. రేపటినుంచి పెట్టె పన్నెండంటే మోటారు పన్నెండే వదులుతుంది, కావలసింది పదమూడు. మామూలు రోజున ఒక్క లంకె లోటు తెప్ప ఓర్చుకుంటుంది. తుఫానులో నీళ్ళు లేస్తుంటే పావుగంటకోసారి వదలాలి. పదిసార్లు వదిలితే పది లంకెల లోటు. నలభై తెప్పలూ అంచుల దగ్గర మునుగుతాయి, లోపలున్న పిల్లలతో సహా. సీలు పడ్డాక కొత్త పెట్టెను నేను ముట్టుకోవడానికి కూడా లేదు.

ఆ వరస కొట్టేస్తే సాయంత్రం అంకెలు కలవవు. పరీక్ష పోతుంది. మనుషులు మళ్ళీ కెరటాల్లోకి. ఉంచితే పరీక్ష నెగ్గుతాం, పేట మునుగుతుంది.

గదికి వస్తే ఆరో టిక్కు పెట్టి ఉంది.

నమోదు 9. ద్వాదశి, సాయంత్రం

రజియా గారికి అంతా చెప్పేశాను. చెప్పకుండా ఏదైనా ఉపాయం ఉందేమోనని రెండు గంటలు తిరిగాను, లేదు.

ఆవిడ ఆరు టిక్కుల కాగితాన్ని ముందుకు లాక్కున్నారు. "రూలేమో అంకెలు కలవల్లనే చెప్తాది కదమ్మా."

"రూలు రాసిందెందుకు మేడమ్? గొలుసు సరిగ్గా దిగుతుందో లేదో తెలియడానికే కదా. పెట్టెలు ఏం చెప్పాయో వదిలేయండి, గొలుసు ఎంత దిగిందో చూడండి. నలభై చోట్లా చూపిస్తాను."

"చూపించు. కానీ తేడా కాలమ్‌లో కారణం రాయల్ల. ఎవురి లెక్క తప్పో పేరు రాయల్ల."

నేను కొత్త పెట్టెలో ఆ వరసను ఆవిడ కళ్ళ ముందే కొట్టేశాను. ఏడో పోటుకి పాతది నూకరాజు బాబాయ్ తెప్పకి పన్నెండంది, కొత్తది పదమూడంది. టిక్కు పడలేదు.

తెప్ప మీదికి వెళ్ళాం. గొలుసు నీళ్ళలోకి దిగేచోట ఉన్న గుంజ దగ్గర దాని మీద ఎర్ర రంగు పూశాను. బాబాయ్‌కి చెప్పాను, రోజూ ఎలా వదులుతావో అలాగే వదులు, ఏమీ మార్చకు అని. ఆయన చుట్టూ చూశాడు. గొలుసువాళ్ళంతా వచ్చి నిలబడ్డారు. పేరు రాయాలన్న మాట అప్పటికే అందరి చెవినా పడింది.

"మాణిక్యం, ముప్పై ఏళ్ళు లెక్క తప్పానని రాస్తారా నా పేరు?" అన్నాడాయన. ఆ మాటకి నాకు దుఃఖం ఆగలేదు. పోయినేడు ముప్పై తొమ్మిది మందిని తాళ్ళకి కట్టి వెనక్కి లాగే ప్రయత్నం చేసింది ఆయనే. ముగ్గురు తప్ప అందరూ ఆయన వల్లే బతికారు.

"నువ్వు తప్పలేదు బాబాయ్. నేనే తప్పుగా అడిగాను. బోర్డు చెప్పినంతే వదులుతావా అని అడిగాను కానీ, నువ్వు ఏం చేస్తావని అడగలేదు. చెయ్యి, అంతే."

ఆయన మొదటి లంకెను అందరి ముందూ కళ్ళకద్దుకున్నాడు. వదిలాడు. పన్నెండు పలికాడు. రజియా గారు నీళ్ళ భయం మరిచిపోయి, తెప్ప అంచున మోకాళ్ళూని, రంగు నుంచి గుంజ దాకా వేలితో ఒక్కొక్కటే తడిమి లెక్కపెట్టారు. పదమూడు.

తరువాత రజియా గారి అనుమతితో మోటారుకి కరెంటిచ్చి పదమూడు వెనక్కి లాగమన్నాను. చక్రం పదమూడుసార్లు టక్కుమంది. ఎర్ర రంగు గుంజ దగ్గరికి వచ్చి, ఎక్కడ పూశానో అక్కడే ఆగింది. ఎవరో ఈల వేశారు. పోటుకి కావలసిన గొలుసు మోటారుతోనే మళ్ళీ వదిలించి, మిగతా ముప్పై తొమ్మిది తెప్పల మీదా అలాగే చేశాం, చీకటి పడేలోగా. ఒక్కచోట కూడా రంగు జరగలేదు.

రజియా గారు కాగితం తీసి కలం నాకే ఇచ్చారు. "కారణం నువ్వే రాయి. నాకు ఈ గంగమ్మ సంగతి రాసేది తెలీదు."

నేను రాశాను. "ఇక్కడి గొలుసువాళ్ళు మొదటి లంకెను లెక్కలో వేయరు. ఇది తప్పు కాదు, వాళ్ళ పద్ధతి. పాత పెట్టెకి ఆ పద్ధతి తెలుసు. మోటారుకి ఆ పద్ధతి లేదు కాబట్టి కొత్త పెట్టెకి సవరణ అక్కరలేదు. ఎవరి లెక్కా తప్పలేదు."

పేరు రాయవలసిన చోట ఆవిడ అడ్డగీత గీసి సంతకం చేశారు. "పైనోళ్ళు అడిగితే నేను చూసుకుంటాలే" అన్నారు. నూకరాజు బాబాయ్ ఆ కాగితం తీసుకుని రెండుసార్లు చదివించుకున్నాడు. అప్పుడు సీలు పడింది.

నమోదు 10. చతుర్దశి, పగలు

గాలి పదింటికి మొదలైంది. పదకొండుకల్లా పైనుంచి మాట తెగిపోయింది. కొత్త పెట్టె దాని మానాన అది పావుగంటకో లెక్క తేలుస్తోంది. ఫ్యాన్లు ఆరూ హోరెత్తుతున్నాయి. చెమ్మ కొలిచే మీటరు ముల్లు కాస్త పైకి లేచింది కానీ గీత దాటలేదు.

గొలుసువాళ్ళు నలభై మందినీ లెక్కల గదిలోకి రమ్మన్నాను. నా గదిలో పదిమంది పడితే గొప్ప. ఒకరి ఒళ్ళో ఒకరు కూర్చున్నట్టే ఉన్నారు. తడి బట్టలు, బీడీ కంపు. తుఫానులో లోపల కూర్చోవడం వాళ్ళకి ఇదే మొదటిసారి. ఒక్కడికీ చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియడం లేదు. నూకరాజు బాబాయ్ మూడుసార్లు తలుపు దాకా వెళ్ళి వచ్చాడు.

"కూర్చో బాబాయ్."

"కూర్చున్నాను కదమ్మాయ్" అని నిలబడే ఉన్నాడు.

పన్నెండున్నరకి అతి పెద్ద నీటిగోడ వచ్చింది. గది ఒక పక్కకి ఒరిగింది. బల్ల మేకులు కిర్రుమన్నాయి. అంకె తెర మీదికొచ్చింది, ఆ వెంటనే గోడ అవతల మోటారు పళ్ళచక్రం తిరగడం మొదలైంది. మొదటి టక్కు వినిపించగానే బాబాయ్ చెయ్యి తనంతట తనే కళ్ళ దగ్గరికి వెళ్ళింది. చూస్తే గదిలో అందరి చేతులూ అక్కడే ఉన్నాయి. తరువాత నలభై గొంతులూ మోటారుతో కలిసి లెక్క అందుకున్నాయి. ఒకటి, రెండు, మూడు. గది తిరిగి నిటారుగా నిలబడింది.

రెండింటిదాకా పావుగంటకోసారి అలాగే జరిగింది. మూడోసారికి నా చెయ్యి కూడా లేచింది. నేను ఆపుకోలేదు.

గాలి తగ్గాక తలుపు తీశాం. తెప్పలు తేలుతున్నాయి. పక్క తెప్ప మీద ఎవరో అప్పుడే తడిసిన పరుపులు ఆరేస్తున్నారు. గొలుసువాళ్ళు ఒక్కొక్కరే గుమ్మం దాటి బయటికి వెళ్తుంటే నేను గడప దగ్గర నిలబడి లెక్కపెట్టాను, మొదటి మనిషి నుంచీ. మధ్యలో రెండుసార్లు ఏడుపు అడ్డొచ్చి ఆగాల్సి వచ్చింది.

నలభై.